రసీదు రైతు చేతిలో ఉంది, ఎంట్రీ డేటాబేస్‌లో లేదు: కరెంటు పోయినా నిలిచేలా లాగ్ అమర్చుకోవడం

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెబుతాను. మీరు గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజ్‌లో కంప్యూటర్ పని చూస్తున్నారు. లినక్స్ మీద పోస్ట్‌గ్రెస్ 15 అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. మొన్న కరెంటు పోయింది, జనరేటర్ అందుకునేలోపే సర్వర్ ఆగిపోయింది. మళ్లీ లేచాక చూస్తే 4118, 4119, 4120 నంబర్ల రసీదులు రైతుల దగ్గర ఉన్నాయి కానీ డేటాబేస్‌లో లేవు. తర్వాతి రసీదు ఏకంగా 4147 నుంచి మొదలైంది. ఏం జరిగిందో చూద్దామని లాగ్ ఫైల్ తెరిస్తే కరెంటు పోయే ముందు లైన్లు లేవు, ఉన్నవాటిలో రైతుల పేర్లూ ఫోన్ నంబర్లూ కనిపించాయి. లాగ్ పోకూడదు, ఎవరి కంటా పడకూడదు, ఎలా అని అడిగారు.

సమాధానం ఇది. ఎఫ్‌సింక్, సింక్రనస్ కమిట్, ఫుల్ పేజ్ రైట్స్ అనే మూడు సెట్టింగులూ ఆన్‌లో ఉండాలి. "రాసేశాను" అని డిస్క్ చెప్పిన మాట నిజమో కాదో పరీక్షించి తెలుసుకోవాలి. వాల్ (డేటాబేస్ తన కోసం రాసుకునే ముందస్తు లాగ్) ఫైళ్లు ఎప్పటికప్పుడు వేరే యంత్రానికి, ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేకుండా చదవలేని రూపంలో చేరాలి. సర్వర్ లాగ్‌లోకి కస్టమర్ల వివరాలు రాకుండా తగ్గించాలి, దాని కాపీ కూడా బయట ఉండాలి. మీ మూడు రసీదులు పోవడానికి నాకు అనుమానం ఉన్న చోట్లు మూడు: సింక్రనస్ కమిట్ ఎక్కడో ఆఫ్ అయి ఉండటం, డిస్క్ క్యాష్ (డిస్క్‌లోని తాత్కాలిక మెమరీ), లేదా కమిట్ (ఎంట్రీని ఖాయం చేయడం) కాకముందే రసీదు ప్రింట్ చేసే ప్రోగ్రామ్.

రెండు లాగ్‌లు ఉన్నాయి, కలపకండి

మీ ప్రశ్నలో రెండూ కలిసిపోయాయి. ఒకటి వాల్, అంటే డేటాబేస్ తన కోసం తాను రాసుకునే ముందస్తు లాగ్. రెండోది సర్వర్ లాగ్, అంటే ఎవరు కనెక్ట్ అయ్యారు, ఏ ఎర్రర్ వచ్చింది అని మనం చదువుకునే టెక్స్ట్ ఫైల్. మొదటిది పోతే డేటా పోతుంది. రెండోది పోతే ఏం జరిగిందో తెలిసే దారి పోతుంది.

వాల్ ఎలా పనిచేస్తుందో కమిషన్ కొట్టు చూసినవాళ్లకు చెప్పడం తేలిక. గుమాస్తా లావాదేవీని ముందు చిట్టాలో వరసగా రాస్తాడు. తీరిక దొరికాక ఆవర్జాలో ఎవరి ఖాతాకు వాళ్లకు ఎక్కిస్తాడు. మధ్యలో ఆవర్జా తడిసిపోయినా చిట్టా చూసి మళ్లీ రాసుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్ చేసేది ఇదే. కమిట్ అనగానే టేబుల్ ఫైల్‌ను ముట్టుకోదు. వాల్‌లో రాసి, అది డిస్క్‌కు చేరిందని రూఢి చేసుకుని "అయింది" అంటుంది. టేబుళ్లకు ఎక్కించడం తర్వాత చెక్‌పాయింట్ సమయంలో జరుగుతుంది. మామూలుగా అది 5 నిమిషాలకోసారి. క్రాష్ అయి లేచినప్పుడు చివరి చెక్‌పాయింట్ నుంచి వాల్‌ను మళ్లీ చదివి టేబుళ్లను సరిచేస్తుంది. అందుకే చిట్టా నిజంగా కాగితం మీద పడిందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మూడు సెట్టింగులు

ఎఫ్‌సింక్ అంటే మెమరీలో ఉన్నది డిస్క్‌కు చేర్చమని లినక్స్‌ను అడగడం. దాన్ని ఆఫ్ చేస్తే స్పీడ్ పెరుగుతుందని కొందరు సలహా ఇస్తారు. వినకండి. కరెంటు పోతే కొన్ని ఎంట్రీలు పోవడంతో ఆగదు, డేటాబేస్ మొత్తం పాడవ్వొచ్చు. పారేసినా ఫర్వాలేని టెస్ట్ డేటాబేస్‌కు తప్ప దాన్ని ఆఫ్ చేయడానికి కారణమే లేదు.

సింక్రనస్ కమిట్ వేరే రకం, వాల్ డిస్క్‌కు చేరేదాకా ఆగి అప్పుడే జవాబివ్వడం. ఇది ఆఫ్‌లో ఉంటే డేటాబేస్ పాడవదు, కానీ "అయింది" అని చెప్పిన చివరి కొన్ని ట్రాన్సాక్షన్లు ఆనవాలు లేకుండా పోవచ్చు. వాల్‌ను డిస్క్‌కు రాసే వాల్ రైటర్ మామూలుగా 200 మిల్లీసెకన్లకోసారి పనిచేస్తుంది, నష్టం దానికి మూడు రెట్ల వరకూ, అంటే సుమారు 600 మిల్లీసెకన్ల వరకూ ఉండొచ్చు. సీజన్‌లో నాలుగు కౌంటర్లు ఒకేసారి నడుస్తుంటే ఆ కాస్త సమయంలో మూడు రసీదులు పడటం సాధ్యమే.

చాలామంది పొరబడేది ఇక్కడే. కాన్ఫిగ్ ఫైల్‌లో ఆన్ అనే ఉంటుంది. కానీ ఎప్పుడో ఎవరో ఆల్టర్ రోల్ సెట్ అనే కమాండ్ ద్వారా అప్లికేషన్ యూజర్‌కు మాత్రమే ఆఫ్ చేసి ఉంటారు. లేదా ఆ ఒక్క డేటాబేస్‌కు చేసి ఉంటారు, లేదా ప్రోగ్రామే కనెక్ట్ అవగానే సెట్ చేస్తూ ఉంటుంది. కాబట్టి ఫైల్ చూసి తృప్తిపడకండి. అప్లికేషన్ వాడే యూజర్‌తో, అదే డేటాబేస్‌లోకి కనెక్ట్ అయి షో కమాండ్ ఇచ్చి చూడండి. రోల్ (యూజర్) సెట్టింగులన్నీ పీజీ డీబీ రోల్ సెట్టింగ్ అనే కేటలాగ్ టేబుల్‌లో కనిపిస్తాయి. ప్రోగ్రామ్ కోడ్‌లో కూడా ఈ పేరు వెతకండి.

మూడోది ఫుల్ పేజ్ రైట్స్. పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కేబీ, లినక్స్ మామూలుగా 4 కేబీ ముక్కలుగా రాస్తుంది. సరిగ్గా మధ్యలో కరెంటు పోతే పేజీలో సగం కొత్తది, సగం పాతది మిగులుతుంది. అలాంటి పేజీని బాగుచేయడానికే చెక్‌పాయింట్ తర్వాత ప్రతి పేజీ మొదటిసారి మారినప్పుడు దాని పూర్తి నకలు వాల్‌లోకి వెళ్తుంది. దీనివల్ల వాల్ పెరుగుతుంది, అయినా ఆన్‌లోనే ఉంచండి.

ప్రింటింగ్ సంగతి కూడా చూడండి. ఇన్సర్ట్ అవగానే ప్రింటర్‌కు పంపి, ఆ తర్వాత కమిట్ చేసే బిల్లింగ్ ప్రోగ్రామ్‌లు నేను చాలానే చూశాను. అలా ఉంటే పోస్ట్‌గ్రెస్ తప్పేమీ లేదు. కమిట్ నుంచి జవాబు వచ్చాకే రసీదు బయటికి రావాలి.

డిస్క్ చెప్పేది నమ్మొచ్చా

డేటాబేస్ లినక్స్‌కు చెబుతుంది, లినక్స్ రెయిడ్ కార్డ్‌కో (కొన్ని డిస్కులను కలిపి నడిపే కార్డ్) డిస్క్‌కో చెబుతుంది. ఈ వరసలో ఏ ఒక్కరు "రాసేశాను" అని అబద్ధం చెప్పినా పైవాళ్ల జాగ్రత్తంతా వృథా. హార్డ్ డిస్కుల్లో, మామూలు ఎస్‌ఎస్‌డీల్లో చిన్న క్యాష్ ఉంటుంది. ఫ్లష్ ఆజ్ఞ రాగానే దాన్ని ఖాళీ చేసి జవాబిస్తే ఇబ్బంది లేదు. ఖాళీ చేయకుండానే జవాబిచ్చేవాటితోనే సమస్య.

పోస్ట్‌గ్రెస్‌తో పాటే పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ అనే చిన్న టూల్ వస్తుంది, నడపండి. ఒక మామూలు లెక్క చెబుతాను. 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. ఒకే చోట మళ్లీ మళ్లీ రాసి ఎఫ్‌సింక్ చేస్తే సెకనుకు దాదాపు 120కి మించి రాకూడదు. అలాంటి డిస్క్ మీద వేలల్లో వచ్చిందంటే ఎక్కడో క్యాష్ అబద్ధం చెబుతోంది. సాటా డిస్క్ అయితే హెచ్‌డీపార్మ్‌తో రైట్ క్యాష్ ఆఫ్ చేయండి. కొత్తది కొనే అవకాశం ఉంటే పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉన్న సర్వర్ రకం ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. అందులోని కెపాసిటర్లు కరెంటు పోయాక కూడా క్యాష్‌లో ఉన్నది రాసేంత ఊపిరి ఇస్తాయి. ఈ ఒక్క ఖర్చు గురించి మీ ఓనర్‌తో గట్టిగా మాట్లాడండి.

విశాఖలో ఒక ల్యాబ్‌కు నేను పనిచేసినప్పుడు సెట్టింగులన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ రెయిడ్ కార్డ్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. బ్యాటరీ పోతే కార్డ్ తనంతట తానే క్యాష్ ఆపేయాలి. స్పీడ్ తగ్గుతోందని ఎవరో "బ్యాటరీ లేకున్నా క్యాష్ వాడు" అనే ఆప్షన్ పెట్టేశారు. ఒక రాత్రి కరెంటు పోయింది. పొద్దున్న ఎంట్రీలన్నీ ఉన్నట్టే కనిపించాయి. పేషెంట్ నంబర్‌తో వెతికితే మాత్రం కొందరు దొరకలేదు, ఎందుకంటే ఇండెక్సులు (వెతకడానికి వాడే సూచికలు) పాడయ్యాయి. రెండు రోజులు బ్యాకప్‌నూ వాల్ ఆర్కైవ్‌నూ పట్టుకుని కూర్చున్నాం. పోయింది మనుషుల రిపోర్టులు కదా, ఆ రెండు రోజుల టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి నా నెలవారీ చెక్‌లిస్ట్‌లో మొదటి లైన్ రెయిడ్ బ్యాటరీయే.

యూపీఎస్ పెడితే సరిపోదా అంటే, పెట్టండి, తప్పకుండా పెట్టండి. బ్యాటరీ అయిపోయేలోపు సర్వర్ తనంతట తానే షట్‌డౌన్ అయ్యేలా నట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో కలపండి. కానీ సర్వర్ పవర్ సప్లై కాలిపోతే, ఎవరైనా వైరు తన్నేస్తే, కెర్నల్ (లినక్స్ గుండెకాయ) ప్యానిక్ అయి ఆగిపోతే యూపీఎస్ కాపాడలేదు.

ఇంకొకటి. 2018లో ఒక చేదు నిజం బయటపడింది. లినక్స్‌లో ఎఫ్‌సింక్ ఒకసారి ఫెయిలైతే, రాయలేకపోయిన పేజీలను కెర్నల్ శుభ్రంగా ఉన్నట్టు గుర్తు పెట్టేయగలదు. రెండోసారి అడిగితే "సక్సెస్" అంటుంది. అప్పటిదాకా పోస్ట్‌గ్రెస్ ఆ రెండో జవాబును నమ్మేది. 2019 ఫిబ్రవరిలో వచ్చిన 11.2, 10.7 వగైరా రిలీజుల నుంచి ఎఫ్‌సింక్ ఫెయిలైతే కావాలనే ప్యానిక్ అయి (తనంతట తానే ఆగిపోయి), వాల్ నుంచి రికవర్ అవుతుంది. మీది 15 కాబట్టి ఈ రక్షణ ఉంది. డేటా సింక్ రిట్రై అనే సెట్టింగ్‌ను ఆఫ్‌లోనే ఉంచండి. అలాంటి ప్యానిక్ కనిపిస్తే పోస్ట్‌గ్రెస్‌ను తిట్టకండి, డిస్క్ మార్చండి.

పరీక్ష: ప్లగ్ పీకి చూడటం

కిల్ మైనస్ తొమ్మిది కమాండ్‌తో పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌ను చంపి "రికవర్ అయింది" అని సంతోషపడేవాళ్లు ఉన్నారు. అది ఈ పరీక్ష కాదు. ప్రాసెస్ చచ్చినా లినక్స్ మెమరీలో ఉన్నది అలాగే ఉంటుంది, తర్వాత డిస్క్‌కు చేరుతుంది. వర్చువల్ మెషీన్‌ను రీసెట్ చేయడం కూడా ఇంతే, కింద ఉన్న అసలు యంత్రం నడుస్తూనే ఉంటుంది.

నేను చేసే పద్ధతి ఇది. అదే రకం డిస్క్ ఉన్న యంత్రంలో ఖాళీ డేటాబేస్ పెడతాను. అసలు డేటా ఉన్న సర్వర్ మీద మాత్రం ఇది చేయకండి. పక్కన ఒక ల్యాప్‌టాప్ నుంచి 1, 2, 3 అని వరస నంబర్లు ఇన్సర్ట్ చేస్తూ, కమిట్ జవాబు వచ్చిన ప్రతి నంబర్‌నూ ల్యాప్‌టాప్‌లోనే రాసుకుంటాను. అది జోరుగా నడుస్తుండగా సర్వర్ పవర్ కేబుల్ పీకేస్తాను. లేచాక పోలుస్తాను. ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రతి నంబరూ డేటాబేస్‌లో ఉండాలి. ఒక్కటి తగ్గినా ఫెయిలే. డేటాబేస్‌లో ఒకటి ఎక్కువ ఉంటే తప్పు కాదు, కమిట్ అయ్యాక జవాబు దారిలో పోయిందన్నమాట. ఒక్కసారితో ఆపకండి, కనీసం పదిసార్లు పీకండి.

వాల్ వేరే చోటికి చేరాలి

డిస్కే చచ్చిపోతే, యంత్రాన్నే ఎవరైనా ఎత్తుకుపోతే పై జాగ్రత్తలేవీ పనికిరావు. అందుకు ఆర్కైవింగ్ ఉంది, అంటే నిండిన వాల్ ఫైళ్లను బయటికి కాపీ చేయడం. ఆర్కైవ్ కమాండ్‌లో ఉత్త సీపీ (లినక్స్ కాపీ కమాండ్) పెట్టకండి. కాపీ డిస్క్‌కు చేరకముందే సీపీ సున్నా జవాబు (పని అయిందని అర్థం) ఇచ్చేస్తుంది, అంతకుముందున్న అదే పేరు ఫైల్ మీద రాసేయగలదు కూడా. సున్నా వచ్చిందంటే పోస్ట్‌గ్రెస్ తన కాపీని తీసేయడానికి సిద్ధమవుతుంది. పీజీ బ్యాక్‌రెస్ట్ లాంటి టూల్ వాడండి, ఏఈఎస్ 256 ఎన్‌క్రిప్షన్ అందులోనే ఉంది.

వాల్ ఫైల్ ఒక్కోటి 16 ఎంబీ. నిండితేనే ఆర్కైవ్‌కు వెళ్తుంది. సీజన్ కాని రోజుల్లో మీ దగ్గర ఒక ఫైల్ నిండటానికి పూట పట్టొచ్చు, అంటే ఆ పూటంతా బయట కాపీ లేనట్టే. ఆర్కైవ్ టైమవుట్‌ను నిమిషమో రెండు నిమిషాలో పెట్టండి. మరీ కొన్ని సెకన్లు పెడితే సగం ఖాళీ ఫైళ్లతో ఆర్కైవ్ ఉబ్బిపోతుంది. అంత ఆలస్యం కూడా వద్దంటే పీజీ రిసీవ్ వాల్‌తో వేరే యంత్రానికి నేరుగా ప్రవాహంలా పంపొచ్చు.

పీజీ వాల్ ఫోల్డర్‌లో ఏదీ చేత్తో తీసేయకండి. పదో వెర్షన్‌కు ముందు దాని పేరు పీజీ ఎక్స్‌లాగ్. పేరులో లాగ్ ఉంది కదా, పాత లాగులే అనుకుని డిస్క్ నిండినప్పుడు తీసేసి డేటాబేస్ పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. 2017లో పేరు మార్చింది అందుకే. నా దగ్గర పనిచేసిన ఒక కుర్రాడు పాత వెర్షన్‌లో సరిగ్గా ఇదే చేశాడు, తప్పు అతనిది కాదు, చెప్పని నాది. ఆ డిస్క్ నిండితే పోస్ట్‌గ్రెస్ ఆగిపోతుంది గానీ కమిట్ అయినదేదీ పోదు. ఎందుకు నిండిందో చూడండి. ఆర్కైవ్ ఫెయిలవుతుంటే పీజీ స్టాట్ ఆర్కైవర్‌లో కనిపిస్తుంది. ఎప్పుడో తీసేసిన స్టాండ్‌బై (నకలు సర్వర్) తాలూకు రెప్లికేషన్ స్లాట్ (దాని కోసం వాల్‌ను పట్టి ఉంచే గుర్తు) మిగిలిపోయి ఉండొచ్చు కూడా. మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్‌కు ఒక హద్దు పెట్టండి, మామూలుగా దానికి హద్దు ఉండదు. ఆ డిస్క్‌లో 2 జీబీల ఉత్త ఫైల్ ఒకటి ముందే పెట్టుకుంటాను నేను. ఇరుకున పడ్డ రోజు దాన్ని తీసేస్తే ఊపిరి ఆడుతుంది.

పీజీ రీసెట్ వాల్ అనే టూల్ గురించి ఎక్కడైనా చదివితే ముందు డేటా ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి. అది చిట్టాను చించేసే పని, అన్ని దారులూ మూసుకుపోయాక మాత్రమే.

లాగ్‌లో ఉన్నది మనుషుల వివరాలే

వాల్‌లో మీ టేబుళ్లలో ఉన్నదంతా మామూలు రూపంలోనే ఉంటుంది. డేటాబేస్‌కు పాస్‌వర్డ్ పెట్టి వాల్ ఆర్కైవ్‌ను అందరూ చూసే షేర్ ఫోల్డర్‌లో పెట్టడమంటే బీరువాకు తాళం వేసి నగలు బల్ల మీద పెట్టడమే. పోస్ట్‌గ్రెస్‌లో సొంతంగా డేటా ఫైళ్ల ఎన్‌క్రిప్షన్ లేదు, కాబట్టి డిస్క్‌కు లక్స్ (లినక్స్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) వాడండి. నడుస్తున్న సర్వర్‌లోకి చొరబడినవాళ్లను అది ఆపదు, డిస్క్ ఎత్తుకుపోయినవాళ్లను ఆపుతుంది. ఆర్కైవ్ కీని అదే సర్వర్‌లో కాక బయట కూడా దాచండి, లేదంటే సర్వర్ పోయిన రోజు బ్యాకప్ ఉండీ తెరవలేరు. ఆర్కైవ్ చోట సర్వర్‌కు కొత్త ఫైల్ రాసే హక్కు చాలు, పాతవి తుడిచే హక్కు వద్దు. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే అదొక్కటే మిమ్మల్ని నిలబెడుతుంది.

సర్వర్ లాగ్‌లో ఫోన్ నంబర్లు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తాయి. లాగ్ స్టేట్‌మెంట్‌ను ఆల్ అని పెడితే ప్రతి ఇన్సర్ట్ పడుతుంది, దాన్ని డీడీఎల్‌కు (టేబుళ్లనూ యూజర్లనూ సృష్టించే, మార్చే ఆజ్ఞలకు) తగ్గించండి. నెమ్మదిగా నడిచిన క్వెరీల వెంట పారామీటర్ విలువలు వస్తాయి, లాగ్ పారామీటర్ మ్యాక్స్ లెంగ్త్‌ను సున్నా చేస్తే ఆగుతాయి. మూడోది చాలామందికి తట్టదు. ఒకే ఫోన్ నంబర్ రెండుసార్లు ఎక్కించబోతే వచ్చే ఎర్రర్ కింద డీటెయిల్ లైన్‌లో ఆ నంబరే ఉంటుంది. లాగ్ ఎర్రర్ వెర్బాసిటీని టెర్స్ చేస్తే ఆ లైన్ పోతుంది, కానీ వెతుకులాటకు పనికొచ్చే హింట్, కాంటెక్స్ట్ లైన్లు కూడా పోతాయి. నేనైతే డీటెయిల్ ఉంచి, ఫైల్‌ను 0600 పర్మిషన్‌తో ఒక్క పోస్ట్‌గ్రెస్ యూజర్‌కే పరిమితం చేస్తాను. మీ దగ్గర లాగ్ చూసేవాళ్లు ఎక్కువైతే టెర్స్ మేలు. ప్రోగ్రామ్ విలువలను నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలోనే అతికిస్తుంటే ఫెయిలైన ప్రతి స్టేట్‌మెంట్ వాటితో సహా పడుతుంది, దానికి మందు కోడ్ మార్చడమే. యూజర్ పాస్‌వర్డ్ మార్చేటప్పుడు ఆల్టర్ రోల్ టైప్ చేయకండి, అది డీడీఎల్ కాబట్టి పాస్‌వర్డ్‌తో సహా లాగ్‌లో పడుతుంది. పీఎస్‌క్యూఎల్‌లోని పాస్‌వర్డ్ కమాండ్ వాడండి.

ఇక మీకు కనిపించని ఆ చివరి లైన్లు. పోస్ట్‌గ్రెస్ సర్వర్ లాగ్‌ను వాల్ లాగా ప్రతి లైన్‌కూ డిస్క్‌కు చేర్చదు. మీ లాగ్ జర్నల్‌డీకి (లినక్స్ లాగ్ సర్వీస్) వెళ్తుంటే ఇంకా చూసుకోవాలి. వార్ లాగ్ జర్నల్ ఫోల్డర్ లేకపోతే అది మెమరీలోనే ఉండి రీబూట్‌తో పోతుంది. ఉన్నా మామూలు మెసేజులను 5 నిమిషాలకోసారే డిస్క్‌కు సింక్ చేస్తుంది. పోస్ట్‌గ్రెస్ సొంత లాగింగ్ కలెక్టర్ ఆన్ చేయండి, మెసేజ్‌లు జారవిడవకుండా ఉండేలా దాన్ని తయారుచేశారు. సిస్‌లాగ్ (లినక్స్ పాత లాగ్ సర్వీస్) ఒత్తిడిలో మెసేజ్‌లు వదిలేయగలదు. ఆ ఫైల్‌ను ఆర్‌సిస్‌లాగ్‌తో, టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్ట్ అయిన కనెక్షన్) మీద వేరే యంత్రానికి పంపండి. నెట్ పోయినప్పుడు డిస్క్‌లో దాచుకునే క్యూ పెట్టడం మరవకండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో లాగులను 180 రోజులు ఉంచాలని ఉంది, మీ సంస్థకు అది వర్తిస్తుందో లేదో మీ ఆడిటర్‌తో మాట్లాడి రొటేషన్ పెట్టండి.

మై ఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ వాడేవాళ్లకు ఒక్క మాట. ఇన్నోడీబీ ఫ్లష్ లాగ్ ఎట్ ట్రాన్సాక్షన్ కమిట్ 1, సింక్ బిన్‌లాగ్ 1, డబుల్‌రైట్ ఆన్. మొదటిది 2 అయితే కరెంటు పోయినప్పుడు దాదాపు ఒక సెకను పని పోతుంది. సింక్ బిన్‌లాగ్ 5.7.7కు ముందు మామూలుగా సున్నా ఉండేది, పాత కాన్ఫిగ్ ఫైల్ మోసుకొచ్చి ఉంటే చూసుకోండి.

4121 నుంచి 4146 వరకూ ఏమయ్యాయి

వీటి గురించి కంగారు పడకండి, ఇవి పోయిన రసీదులు కావు. సీక్వెన్స్ (వరస నంబర్లు ఇచ్చే యంత్రాంగం) నంబర్ ఇచ్చేటప్పుడు పోస్ట్‌గ్రెస్ ప్రతిసారీ వాల్‌లో రాయకుండా 32 నంబర్లు ముందుకు లెక్కేసి ఒకేసారి రాసుకుంటుంది. క్రాష్ అయితే ఆ రాసుకున్న చోటు తర్వాత నుంచి మొదలుపెడుతుంది. మధ్యవి ఖాళీగా మిగులుతాయి. సీక్వెన్స్‌ను వెనక్కి తిప్పి పూడ్చబోకండి. రైతుల దగ్గర ఉన్న మూడు రసీదులనూ ఫోటో తీసి, అవే నంబర్లతో, "కరెంటు పోయినందున కాగితం చూసి మళ్లీ ఎక్కించినది" అని రిమార్క్ రాసి, అసలు తేదీ ఒక కాలమ్‌లో, ఎక్కించిన తేదీ ఇంకో కాలమ్‌లో ఉండేలా ఎంట్రీ చేయండి. అంతకంటే ముందు, ఈ రోజే, పోస్ట్‌గ్రెస్‌ను ఆపి డేటా ఫోల్డర్ కాపీ ఒకటి తీసి, పీజీ చెక్‌సమ్స్‌తో చెక్‌సమ్‌లు (పేజీ పాడైతే పట్టించే అంకెలు) ఎనేబుల్ చేయండి. 15లో అవి మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి. తర్వాత పోస్ట్‌గ్రెస్‌ను మళ్లీ లేపి, పీజీ ఏఎమ్ చెక్ అనే టూల్ నడిపి ఇండెక్సులు బాగున్నాయో లేదో చూడండి. షో కమాండ్ ఫలితం, పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ అంకెలు, డిస్క్ మోడల్ రాస్తే ఆ మూడు అనుమానాల్లో ఏది నిజమో చూసి చెబుతాను.